కీమో తర్వాత తెల్లగా మొలిచిన జుట్టుకు రంగు: ఎప్పుడు, దేనితో, ఎలా

కీమో ఆఖరి డోసు అయిన మూడు నుంచి ఆరు వారాలకు తల మీద నూగు మొదలవుతుంది. రెండు మూడు నెలలకు అది జుట్టు అనిపించుకుంటుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆరు నెలలు తిరిగేసరికి దువ్వెనకు అందుతుంది. అయితే జబ్బుకు ముందున్న జుట్టే తిరిగి వస్తుందన్న హామీ లేదు. సాఫుగా ఉన్నది ఉంగరాలు తిరగవచ్చు, లావుగా ఉన్నది పట్టుదారంలా సన్నబడవచ్చు. నల్లటి జుట్టు స్థానంలో బూడిద రంగో పాలతెలుపో రావచ్చు. పొట్టి జుట్టు చూసి 'తిరుపతి వెళ్లొచ్చారా' అని అడిగేవాళ్లకు అవుననేసి దాటేయవచ్చు. నలభై ఏళ్లకే తల ముగ్గుబుట్ట అయితే మాత్రం అద్దంలో రోజూ జబ్బే గుర్తొస్తుంది. రంగు వేసుకోవాలనిపించడం సహజం, అందులో తప్పేమీ లేదు. తొందరపడితే మాత్రం ఇబ్బంది.

తెల్లబడటానికి కారణం తెలిస్తే తొందర ఎందుకు వద్దో అర్థమవుతుంది. వెంట్రుక కుదురులో వేగంగా విభజన చెందే కణాలను కీమో మందులు దెబ్బతీస్తాయి కాబట్టే జుట్టు రాలుతుంది. అదే కుదురులో మెలనిన్ తయారుచేసే కణాలూ ఉంటాయి. వెంట్రుకను కట్టే కణాలు ముందు తేరుకుని, రంగునిచ్చే కణాలు వెనకబడితే జుట్టు రంగు లేకుండానే పైకి వస్తుంది. కొందరిలో కొన్ని నెలలకు ఆ కణాలు మళ్లీ పని మొదలుపెడతాయి, కుదుళ్ల దగ్గర నలుపు తిరిగొస్తుంది. కొందరిలో తెలుపే స్థిరపడుతుంది. అంటే మొదటి ఆరు నెలల్లో కనిపించే తెలుపు శాశ్వతమో కాదో అప్పుడే చెప్పలేం. అందుకే మొదటి విడతలో తేలికగా వదిలిపోయే రంగులతో గడిపి, గట్టి రంగు సంగతి తర్వాత చూసుకోవడం మేలు.

ఆరు నెలలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి

డెవలపర్ (హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న ద్రవం) కలిపి వేసే రంగులకు, అంటే డెమీ పర్మనెంట్, పర్మనెంట్ రంగులకు, కీమో ముగిశాక కనీసం ఆరు నెలలు ఆగమని సాధారణంగా చెబుతారు. జుట్టు రాల్చిన మందు ఆఖరిసారి ఎక్కించిన తేదీ నుంచి ఈ లెక్క మొదలుపెట్టాలి. రొమ్ము క్యాన్సర్‌కు డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ తర్వాత పాక్లిటాక్సెల్ ఇచ్చారనుకోండి. పాక్లిటాక్సెల్ ఆఖరి డోసు తేదీయే మీ మొదటి రోజు. ఆ తర్వాత ట్రాస్టుజుమాబ్ ఒక్కటే కొనసాగుతున్నా లెక్క మారదు. టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడతారు కాబట్టి అవి ముగిసేదాకా ఎదురుచూడరు. అవి జుట్టును కొంత పలచబరుస్తాయన్నది మాత్రం గుర్తుంచుకోండి. కాపెసిటబిన్, పాల్బోసిక్లిబ్, ఇమ్యునోథెరపీ లాంటివి నడుస్తుంటే, లేదా తెల్ల రక్తకణాలు ఇంకా తక్కువగా ఉంటే, ఆంకాలజిస్టు సరే అనేదాకా ఏ రంగూ వద్దు. తలకు రేడియేషన్ ఇచ్చి ఉంటే రేడియేషన్ డాక్టరును విడిగా అడగాలి. అక్కడి చర్మం తీరు వేరు.

ఆరు నెలలూ నిండినా తల చర్మం సిద్ధంగా లేకపోతే ఆగాల్సిందే. తలస్నానం చేసి ఆరాక, పగటి వెలుతురులో ఇంకొకరి చేత పాయలు తీసి చూపించుకోండి. ఎరుపు, చీముపొక్కులు, పొట్టు లేవడం, గోకిన గీతలు ఉండకూడదు. ఘాటులేని షాంపూ రుద్దినప్పుడు మంట పుట్టకూడదు. వేలితో నొక్కితే నొప్పి ఉండకూడదు. జుట్టు పొడవు కనీసం రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే రంగు జుట్టు కంటే చర్మానికే ఎక్కువ అంటుతుంది. ఈ నెలల్లో కుంకుడురసంతో తలంటుకోవద్దు. కొత్త చర్మాన్ని అది బాగా ఎండబెడుతుంది.

ఆగే నెలల్లో ఏం చేయవచ్చు

కుదుళ్లు కప్పే పౌడర్లు, రూట్ టచప్ స్ప్రేలు, జుట్టు మస్కారాలు వెంట్రుక పైపైన అంటుకుని ఒక్క షాంపూతో పోతాయి. వీటిలో పెరాక్సైడ్ ఉండదు. సెంటీమీటరు జుట్టు ఉన్నప్పటి నుంచీ, చర్మం బాగుంటే, పెళ్లికో ఆఫీసుకో వెళ్లే రోజున వాడవచ్చు. పౌడరును మెత్తటి బ్రష్‌తో చెంపల దగ్గర, పాపిట దగ్గర అద్దండి, తల మొత్తం పులమవద్దు. మన ఎండల్లో చెమటకు కరిగి నుదుటి మీదికి కారుతుంది కాబట్టి నుదుటి అంచున అర సెంటీమీటరు వదిలేయండి. రాత్రి కడుక్కున్నాకే పడుకోండి.

తర్వాతి మెట్టు డెవలపర్ లేని సెమీ పర్మనెంట్ రంగు. ఇది సీదా ట్యూబులోంచి జుట్టుకు పూసేది, నాలుగు నుంచి పన్నెండు తలస్నానాల్లో పోతుంది. తెలుపును పూర్తిగా కప్పదు, మసకబరుస్తుంది. మన దుకాణాల్లో 'సెమీ పర్మనెంట్' అన్న మాట ఇష్టమొచ్చినట్టు వాడతారు, కాబట్టి పెట్టె తెరిచి చూడండి. రెండు ట్యూబులో, ఒక ట్యూబూ ఒక సీసానో ఉండి కలపమని రాసి ఉంటే అది డెవలపర్ ఉన్న రంగే. దానికి ఆరు నెలల నియమం వర్తిస్తుంది.

రంగుల్లో తేడా, అసలు భయపడాల్సింది దేనికి

చాలామంది 'అమోనియా లేదు' అన్న అక్షరాలు చూసి ధైర్యపడతారు. అమోనియా వెంట్రుక పై పొరను తెరుస్తుంది, ఘాటు వాసన, మంట దానివే. అది లేని రంగుల్లో ఆ పనికి సాధారణంగా మోనోఇథనోలమిన్ వాడతారు. కానీ తీవ్రమైన ఎలర్జీ తెచ్చేది ఎక్కువగా పారా ఫినైలీన్ డయామిన్, అంటే పీపీడీ. అమోనియా లేని పెట్టెలోనూ ఇది ఉండవచ్చు. దీనికి చుట్టమైన టోలుయీన్ డయామిన్ కొన్నింటిలో ఉంటుంది. పీపీడీ పడనివారిలో చాలామందికి అదీ పడదు. ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో ఈ పేర్ల కోసం వెతకండి, అక్షరాలు చిన్నవైతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

చవక సాచెట్లలో దొరికే 'బ్లాక్ హెన్నా', 'కాలీ మెహందీ', నీళ్లతో కలిపే పొడి డైలు చాలావాటిలో పీపీడీయే పనిచేస్తుంది. గోరింటాకు బొమ్మ చూసి మోసపోకండి. ఒట్టి గోరింటాకు తెల్లజుట్టును ఎప్పుడూ నారింజ-ఎరుపు చేస్తుంది తప్ప నల్లగా చేయదు. అరగంటలో నల్లగా మార్చే ఏ 'హెన్నా' అయినా రసాయన డైయే. షాంపూలా రుద్దుకునే డైలు కీమో తలకు మరీ అనువుకానివి, ఎందుకంటే వాటిని తల చర్మమంతా మర్దనా చేసి నురగ తెప్పించాలి. బ్రష్‌తో వెంట్రుక మీద పూసే క్రీమ్‌తో చర్మానికి తగిలేది చాలా తక్కువ.

మొదటి డెవలపర్ రంగుగా డెమీ పర్మనెంట్ మంచిది. అందులో పెరాక్సైడ్ తక్కువ, ఇరవై ఇరవై నాలుగు తలస్నానాలకు మెల్లగా వెలిసిపోతుంది, కుదుళ్ల దగ్గర తెల్లగీత కొట్టొచ్చినట్టు కనబడదు. డెవలపర్ మీద అంకెలు ఉంటాయి: 10 వాల్యూమ్ అంటే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12 శాతం. మొండి తెలుపును పర్మనెంట్‌తో కప్పడానికి మామూలుగా 20 వాడతారు. కీమో తర్వాత మొదటి ఏడాది అంతకు మించి పోవద్దు, బ్లీచ్ అసలే వద్దు. పెట్టెలో ఇచ్చిన డెవలపర్‌కు బదులు వేరేది కలపడం, నీళ్లు పోసి పలచన చేయడం కూడా తప్పే. కొలత మారితే రంగు సరిగా పండదు, చర్మం మీద పనిచేయని డై మిగిలిపోతుంది.

ఛాయ విషయానికొస్తే, నలుపు వైపు వెళ్లకండి. సన్నని కొత్త వెంట్రుక రంగును గబగబా పీల్చుకుని ఒక మెట్టు ముదురుగా తేలుతుంది. పలచని జుట్టుకు కటిక నలుపు వేస్తే వెంట్రుకల మధ్య చర్మం ఇంకా బయటపడుతుంది. మూడు వారాల్లో పెరిగే ఏడెనిమిది మిల్లీమీటర్ల తెలుపు, దూరం నుంచి చూస్తే బట్టతల గీతలా ఉంటుంది. ముదురు గోధుమ (3), గోధుమ (4) మన ముఖాలకు నప్పుతాయి, తర్వాత కావాలంటే ముదురు చేసుకోవచ్చు. చుక్క తర్వాత సున్నా ఉన్న ఛాయలు, అంటే 3.0, 4.0 లాంటివి, సహజ వరుస. తెలుపును కప్పడానికి అవే సరి. చుక్క తర్వాత 1 ఉంటే బూడిద ఛాయ, తెల్లజుట్టు మీద పచ్చగానో జీవం లేనట్టో తేలవచ్చు. 3, 4 ఉన్నవి బంగారు, రాగి ఛాయలు, తెల్లజుట్టు మీద మెరిసిపోయి కృత్రిమంగా ఉంటాయి.

రంగు వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన సమీక్షలో, రోజంతా డైలతో పనిచేసే క్షురకులు, బ్యూటీషియన్ల వృత్తిని 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో పెట్టింది. సొంతానికి వేసుకునేవారి విషయంలో తేల్చేందుకు ఆధారాలు చాలవని చెప్పింది. 2019లో అమెరికాలో వెలువడిన సిస్టర్ స్టడీ ఫలితాల్లో పర్మనెంట్ డై వాడే మహిళల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా ఎక్కువగా కనిపించింది. 2020లో లక్షకు పైగా నర్సులను పరిశీలించిన మరో అధ్యయనంలో చాలా క్యాన్సర్లకు అలాంటి పెరుగుదల కనిపించలేదు, కొన్ని రకాలకు స్వల్పంగా కనిపించింది. వీటిలో ఏదీ జబ్బు తిరగబెట్టడం గురించి చేసినది కాదు. మనసు ఒప్పుకోకపోతే సెమీ పర్మనెంట్‌తోనో, కల్తీలేని గోరింటాకు, నీలి ఆకుతోనో సరిపెట్టుకోండి. అది పూర్తిగా సమంజసమైన నిర్ణయం.

చర్మ పరీక్ష: దీన్ని ఎవరూ దాటవేయకూడదు

ఇరవై ఏళ్లు అదే డై వాడినా కీమో తర్వాత కొత్తగా పడకపోవచ్చు. ఎప్పుడైనా నల్ల మెహందీ టాటూ వేయించుకుని దురద వచ్చినవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ.

1. చెవి వెనక లేదా మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్లంత చోటు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసి ఉంటే ఆ వైపు చేతి మీద పరీక్ష చేయవద్దు. అక్కడ చర్మం రేగితే ఇన్‌ఫెక్షన్, చేయివాపు రావచ్చు. రెండో చేయిగానీ అటువైపు చెవి వెనకగానీ వాడండి.
2. ప్యాకెట్ చెప్పిన నిష్పత్తిలో అర చెంచా క్రీమ్, దానికి తగిన డెవలపర్ కలిపి పలచగా రాయండి. కొన్ని ప్యాకెట్లు కలపకుండా క్రీమే రాయమంటాయి, అలా ఉంటే అలాగే చేయండి.
3. ప్యాకెట్ చెప్పినంతసేపు ఉంచి కడగండి. 48 గంటలు గమనించండి. పీపీడీ ఎలర్జీ వెంటనే బయటపడదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తుంది. అందుకే పెళ్లికి ముందురోజు పరీక్ష చేయడం వల్ల లాభం లేదు.
4. దురద, ఎరుపు, పొక్కు, వాపు ఏది కనిపించినా ఆ రంగు వద్దు. అదే పదార్థం ఉన్న ఇంకో కంపెనీ రంగూ వద్దు.

కీమోతోపాటు ఇచ్చే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇంకా వాడుతుంటే పరీక్షను నమ్మవద్దు, అవి దద్దురును అణచిపెట్టేస్తాయి. రంగు వేసే ప్రతిసారీ పరీక్ష మళ్లీ చేయాలి.

కుచ్చు పరీక్ష

ఎంతసేపు ఉంచాలో పెట్టె మీది సమయం చెప్పదు, మీ జుట్టే చెబుతుంది. మెడ దగ్గర ట్రిమ్ చేయించినప్పుడు రాలిన తెల్ల వెంట్రుకల్ని దాచి, ఒక కొసన సెల్లోటేప్ చుట్టి మూడు చిన్న కుచ్చులు కట్టండి. చర్మ పరీక్షకు కలిపిన రంగులోనే ముంచండి. ఒకటి 10 నిమిషాలకు, రెండోది 15కు, మూడోది 20కి కడిగి, ఆరాక కిటికీ దగ్గర చూడండి. తడిలో ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది. కీమో తర్వాతి సన్నజుట్టుకు చాలాసార్లు 15 నిమిషాలే చాలు, పెట్టె మీద 30 అని రాసి ఉన్నా సరే. మూడు కుచ్చులూ లేతగానే ఉంటే 25, 30 నిమిషాలకు ఇంకో రెండు చూడండి, పెట్టె చెప్పిన గరిష్ఠ సమయం దాటకండి.

రంగు వేసే రోజు

ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకోండి. ఆపరేషన్ అయిన వైపు చేయి చాలాసేపు పైకెత్తి ఉంచడం మంచిది కాదు, వెనక భాగం మీకు కనపడదు. పాక్లిటాక్సెల్ వల్ల వేళ్లు మొద్దుబారి ఉంటే బ్రష్ పట్టు దొరకదు, నీళ్ల వేడీ తెలియదు. వేసేవారూ మీరూ నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి.

కావాల్సినవి: ప్లాస్టిక్ లేదా గాజు గిన్నె, వంటింటి చిన్న తూకం, రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న బ్రష్, తోక దువ్వెన, వ్యాజలైన్, పాత తువ్వాలు, దూది, టైమర్. రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల జుట్టుకు 20 గ్రాముల క్రీమ్, 20 మిల్లీలీటర్ల డెవలపర్ సరిపోతాయి. నిష్పత్తి ఒకటికి ఒకటిన్నరో రెండో అని ఉంటే దాని ప్రకారమే.

రంగుకు రెండు రోజుల ముందు నూనె వదిలేలా తలంటుకోండి. నూనె ఉంటే రంగు పట్టదు. అప్పుడే తలస్నానం చేసిన చర్మం మీదా వేయవద్దు, చర్మం మీద సహజంగా ఊరే జిడ్డు కొంత రక్షణ. జుట్టు పెరగడానికి మినాక్సిడిల్ రాసుకుంటుంటే 24 గంటల ముందు ఆపి, రంగు తర్వాత 24 గంటలకు మళ్లీ మొదలుపెట్టండి.

1. నుదుటి అంచు, చెవులు, మెడ మీద వ్యాజలైన్ రాయండి. వెంట్రుకలకు అంటనివ్వకండి.
2. కిటికీ తెరిచి రంగు కలపండి. కలిపిన వెంటనే వాడాలి, గంట ఆగితే బలం పోతుంది.
3. తల వెనక, నడినెత్తి నుంచి మొదలుపెట్టండి. తోకతో అర సెంటీమీటరు పాయలు తీస్తూ బ్రష్‌ను వెంట్రుకల వెంట పైకి లాగండి, చర్మంలోకి రుద్దకండి. జుట్టు పొట్టి కాబట్టి కాస్త చర్మానికి తగలక తప్పదు, పూత పలచగా ఉండేలా చూస్తే చాలు.
4. చెంపలు, నుదుటి అంచు ఆఖరున. ఎక్కువ తెలుపు అక్కడే ఉందని ముందు అక్కడ వేయాలనిపిస్తుంది, కానీ అవే అన్నింటికంటే సన్నని వెంట్రుకలు, ఐదు నిమిషాలు ఆలస్యంగా వేసినా మిగతా జుట్టుతో సమానంగా పండుతాయి.
5. పది నిమిషాల్లో పూత ముగించి టైమర్ పెట్టండి. ప్లాస్టిక్ టోపీ, హెయిర్ డ్రయ్యర్, ఎండ ఏవీ వద్దు. వేడి తగిలితే రంగు వేగంగా చర్మంలోకి దిగుతుంది. కుచ్చు పరీక్ష చెప్పిన సమయానికి మూడు నిమిషాల ముందు ఒక చోట తడి దూదితో తుడిచి చూడండి.
6. తల బేసిన్‌లోకి వంచి, గోరువెచ్చని నీళ్లతో నీరు తేరేదాకా కడగండి. నీళ్ల వేడి సాయం చేసేవారే చూడాలి. ఘాటులేని షాంపూ ఒక్కసారి, ఆ తర్వాత పెట్టెలోని కండిషనర్. తువ్వాలుతో అద్దండి, రుద్దవద్దు.

కొద్దిగా చిమచిమలాడటం వేరు, మంట వేరు. మంట పుట్టిన క్షణమే, రంగు పండిందా లేదా చూడకుండా, చల్లటి నీళ్లతో పది నిమిషాలు ధారగా కడగండి. మర్నాడో మూడోనాడో కనురెప్పలు వాచడం, చెవుల వెనక రసి కారడం మొదలైతే చర్మవైద్యుణ్ణి కలవండి, ఆంకాలజీ టీమ్‌కూ చెప్పండి. ముఖం, పెదవులు వాచి ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

గోరింటాకు, నీలి ఆకు దారి

చర్మం ఆరోగ్యంగా ఉండి డాక్టరు సరేనంటే దీనికి ఆరు నెలలు నిండేదాకా ఆగనవసరం లేకపోవచ్చు. ప్యాకెట్ మీద పదార్థాల చోట లాసోనియా ఇనెర్మిస్ ఒక్కటే ఉండాలి. నీలి ఆకు పొడికైతే ఇండిగోఫెరా టింక్టోరియా ఒక్కటే. సోడియం పిక్రమేట్ అనే ఎర్రరంగు కలిపిన 'హెన్నా'లూ అమ్ముతారు, అవి వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారు గోరింటాకు జోలికి వెళ్లకూడదు, రక్తకణాలు విరిగే ప్రమాదం ఉంది. ఆకు రంగే అయినా చర్మ పరీక్ష తప్పదు.

పొట్టి జుట్టుకు 50 గ్రాముల గోరింటాకు పొడిని సుమారు 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లతో దోసెపిండి కంటే చిక్కగా కలపండి. నిమ్మరసం చర్మాన్ని ఎండబెడుతుంది, కీమో తలకు వేయవద్దు. మన వేసవిలో మూడు నాలుగు గంటలు, చలికాలంలో రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. పైభాగం గోధుమరంగుకు మారి, అరచేతి మీద చుక్క పెట్టి ఐదు నిమిషాలకు తుడిస్తే నారింజ మచ్చ పడితే సిద్ధమైనట్టు. రెండు గంటలు ఉంచి ఒట్టి నీళ్లతో కడగండి. ఇప్పుడు జుట్టు రాగిరంగులో ఉంటుంది, కంగారు పడకండి. ఆ తర్వాత 50 గ్రాముల నీలి ఆకు పొడిని చిటికెడు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో కలిపి, పది పదిహేను నిమిషాలు మాత్రమే ఆగి వెంటనే పూయండి. గంటసేపు ఉంచి కడిగితే మొదట పచ్చగా కనిపిస్తుంది, గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. 48 గంటలు షాంపూ వద్దు. నలుపు వద్దు, గోధుమరంగు చాలనుకుంటే నానిన గోరింటాకులో అంతే నీలి ఆకు కలిపి ఒకేసారి వేయవచ్చు. నీలి ఆకు రెండింతలైతే ముదురు గోధుమ వస్తుంది.

ఇనుప మూకుట్లో ఉసిరి పొడి నానబెట్టి గోరింటాకులో కలిపే పాత పద్ధతిని ఇక్కడ వాడవద్దు. ఆ నలుపు ఇనుము, ఉసిరిలోని వగరు పదార్థం కలిసి ఏర్పడేది. ఇనుము జుట్టు మీద మిగిలి ఉండగా తర్వాత పెరాక్సైడ్ రంగు వేస్తే వేడి పుట్టి వెంట్రుక తెగుతుంది. ఇంకో సంగతి: గోరింటాకు, నీలి ఆకు వెలిసిపోతాయేమో గానీ పూర్తిగా వదలవు. పార్లర్‌కు వెళ్తే అవి వేసుకున్నట్టు చెప్పండి, నీలి ఆకు ఉన్న జుట్టును బ్లీచ్ చేస్తే పచ్చబడుతుంది.

తేడా వస్తే

తెలుపు అక్కడక్కడా మిగిలితే నూనె జిడ్డో, తక్కువ సమయమో, పూత అందకపోవడమో కారణం. అదే రోజు మళ్లీ వేయకండి, రెండు వారాలాగి మిగిలిన చోట్లే వేయండి, ఈలోగా పౌడర్ ఉంది. మరీ నల్లబడితే బ్లీచ్‌తో సరిచేసే ఆలోచన వద్దు. వారంలో మూడు నాలుగు తలస్నానాలు, నెలకోసారి ట్రిమ్, అంతే. జుట్టు పొట్టిగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది, రెండు ట్రిమ్‌లతో సగం నలుపు పోతుంది. రంగు రెండు వారాలకే వెలిసిపోతే వెంట్రుక పై పొర బలహీనంగా ఉందని అర్థం. ఇంకా గట్టి రంగు వేయడం దానికి మందు కాదు, డెమీ పర్మనెంట్‌తోనే ఉండి ఇంకో రెండు నెలలు పెరగనివ్వండి. చర్మం మీద మచ్చలు పడితే కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవండి, నిమ్మచెక్కతో రుద్దవద్దు.

పార్లర్‌లో వేయించుకునేవారు కూర్చున్న వెంటనే మూడు విషయాలు చెప్పాలి: కీమో ఎప్పుడు ముగిసింది, చర్మ పరీక్ష చేసిన రంగు ఏది, ఎన్ని నిమిషాలు. వీలైతే ఆ రంగు పెట్టె మీరే తీసుకెళ్లండి. ఉంగరాలు చూసి కెరాటిన్, స్మూతెనింగ్ చేస్తామంటే ఒప్పుకోకండి. వాటిలో చాలావాటి నుంచి వేడికి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది, పైగా ఆ ఉంగరాలు చాలామందికి ఏడాదిలో వాటంతటవే సర్దుకుంటాయి.

ఆ తర్వాత

రెండు రోజులు తలస్నానం, నూనె వద్దు. తర్వాత వారానికి రెండుసార్లు ఘాటులేని షాంపూ, తలస్నానానికి గంట ముందు కొద్దిగా కొబ్బరినూనె. ఎండలో పలచని నూలు స్కార్ఫ్ కట్టుకోండి, రంగుకూ చర్మానికీ మంచిది. రెండోసారి రంగుకు ఆరు వారాలైనా ఎడం ఉండాలి, అదీ కుదుళ్లకే. పాత రంగు మీద మళ్లీ మళ్లీ వేస్తే కొసలు నల్లబడి పెళుసవుతాయి.

ప్రతిసారీ రంగుకు ముందు కుదుళ్లను భూతద్దంతో చూడండి. కొత్తగా వచ్చిన అర సెంటీమీటరులో నల్లవెంట్రుకలు పెరుగుతుంటే మీ సొంత రంగు తిరిగొస్తున్నట్టే. అప్పుడు ఒక విడత వదిలేసి చూడండి.

కనుబొమలు, రెప్పలు కూడా తెల్లగా రావచ్చు. తలకు వేసే రంగు వాటికి ఎట్టి పరిస్థితుల్లో వాడకూడదు, కంటిచూపు పోయే ప్రమాదం ఉంది, ప్యాకెట్ల మీదా ఆ హెచ్చరిక ఉంటుంది. ఐబ్రో పెన్సిల్‌తోనో పౌడర్‌తోనో దిద్దుకోండి. మగవారు మీసానికి తల రంగు పూయకుండా మీసానికని అమ్మేది తీసుకుని, దానికి విడిగా చర్మ పరీక్ష చేసుకోవాలి. పెదవిపై చర్మం పలచన, నోట్లోకి పోయే అవకాశమూ ఉంది. గడ్డం గీసుకున్న రోజు వేయవద్దు.

కలిపిన రంగు మిగిలితే పారేయండి. మూత బిగించి దాస్తే లోపల వాయువు పుట్టి సీసా పగులుతుంది. కలపని ట్యూబులు, పొడులు పిల్లలకు అందని చోట తాళంలో ఉంచండి. పీపీడీ ఉన్న డై పొరపాటున నోట్లోకి పోతే గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, తర్వాత మూత్రపిండాలూ దెబ్బతింటాయి. అలా జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, డై ప్యాకెట్ వెంటబెట్టుకుని 108కి ఫోన్ చేయండి.